రంగం వెళ్లిన ముత్తాత కోసం నేషనల్ ఆర్కైవ్స్‌లో: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ఢిల్లీ జనపథ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియానీ, దాని ఆన్‌లైన్ పోర్టల్ అభిలేఖ్ పటల్‌నీ కొన్నేళ్లుగా వాడుతున్నాను. మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా ముత్తాత రంగం (అంటే బర్మాలోని రంగూన్) వెళ్లి బియ్యం మిల్లులో పనిచేశారనీ, 1942లో యుద్ధం వచ్చాక నడిచి తిరిగొచ్చారనీ ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన గురించి కాగితం మీద ఏముందో చూద్దామని మొదలుపెట్టాను. ముందే చెప్పేస్తాను, ఆయన పేరు అక్కడ నాకు దొరకలేదు. అయినా ఈ ఆర్కైవ్స్ చూడమనే అందరికీ చెబుతాను.

పేరు ఎందుకు దొరకదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మద్రాసు నుంచి ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లినవాళ్లకి 1860 నుంచి 1911 దాకా ఓడల వారీగా జాబితాలున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చతో సహా రాసుకున్నారు. అవి దక్షిణాఫ్రికా ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఫిజీ వెళ్లినవాళ్లకీ ఇలాంటి వివరాలతోనే ఎమిగ్రేషన్ పాసులున్నాయి. అందుకే డర్బన్‌లోని తెలుగు కుటుంబాలు నాలుగైదు తరాల తర్వాత కూడా తమ ఊరు పట్టుకోగలుగుతున్నాయి. బర్మా సంగతి వేరు. 1937 ఏప్రిల్ 1 దాకా అది బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రావిన్సే. మనవాళ్లు విశాఖలోనో కాకినాడలోనో టికెట్ కొనుక్కుని, ఓడ డెక్ మీద చాప పరుచుకుని వెళ్లిపోయారు. దేశం లోపలి ప్రయాణానికి పాసు ఎవరిస్తారు? 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. అంతమంది వెళ్లినా ఒక్కొక్కరి పేరున పాసు పుట్టలేదు.

మరి అక్కడ దొరికేదేమిటి? మా ముత్తాత నడిచిన దారి దొరికింది. విదేశాల్లోని భారతీయుల సంగతులు చూడ్డానికి 1941లో ఏర్పడిన ఇండియన్స్ ఓవర్సీస్ డిపార్ట్‌మెంట్ ఫైళ్లు చదువుతుంటే ఇంట్లో విన్న మాటలు ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చాయి. రంగూన్ మీద మొదటి బాంబులు పడింది 1941 డిసెంబర్ 23న. ఓడల్లో చోటు దొరకనివాళ్లు ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ దాటి అక్యాబ్, అక్కణ్నుంచి చిట్టగాంగ్ చేరారు. ఇంకొందరు టామూ మీదుగా ఇంఫాల్, దిమాపూర్ వచ్చారు. టాంగప్ దారిలో నీళ్లకి కటకట, పైగా కలరా. "గుక్కెడు నీళ్లు కొనుక్కుని తాగార్రా" అని మా నాన్నమ్మ అనేది. ఆ మాట ఏ దారి గురించో అప్పటిదాకా మాకెవరికీ తెలీదు. తెల్లవాళ్లకో దారి, మనవాళ్లకో దారి పెట్టారన్న ఫిర్యాదులు, వాటి మీద అధికారుల నోట్స్ కూడా చదవాలి. ఫైల్లో ఉత్తరాల కంటే ఈ నోట్స్ భాగమే నాకు విలువైనది. ఒకరు రాసింది ఇంకొకరు ఖండిస్తారు, కింద పొడి అక్షరాల సంతకం, తేదీ. మనుషుల్ని లెక్కలుగా చూసినవాళ్లెవరో, మనుషులుగా చూసినవాళ్లెవరో అక్కడే తెలిసిపోతుంది. చదువుతుంటే కోపం వస్తుంది, రావాలి కూడా.

వాడే పద్ధతి గురించి. అభిలేఖ్ పటల్‌లో ఉచితంగా రిజిస్టర్ కావచ్చు, స్కాన్ అయిన ఫైళ్లు ఇంట్లోంచే చదవొచ్చు. కేటలాగు మనుషుల పేర్ల మీద కాకుండా శాఖ, బ్రాంచి, సంవత్సరం, విషయం మీద నడుస్తుంది. కాబట్టి ఇంటిపేరు కొట్టి ఖాళీ వచ్చిందని వదిలేయకండి. ఊళ్ల పేర్లు ఆనాటి స్పెల్లింగులో వెతకాలి: శ్రీకాకుళానికి చికాకోల్ (Chicacole), కాకినాడకి కోకనాడ (Cocanada), విశాఖకి విజగపటం (Vizagapatam). బర్మాలో తెలుగువాళ్లని కోరింగీలు అనేవాళ్లు, ఆ మాటతోనూ వెతకండి. జిల్లా కూడా సరిచూసుకోవాలి. మా ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లా, తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950లోగానీ శ్రీకాకుళం జిల్లా కాలేదు. ఫైలు నచ్చితే శాఖ, సంవత్సరం, నంబరు అప్పటికప్పుడే రాసిపెట్టుకోండి. రీడింగ్ రూముకి వెళ్లినప్పుడు స్లిప్పు మీద రాయాల్సింది అవే.

ముత్తాత పేరు చివరికి రిజిస్ట్రేషన్ దస్తావేజులో కనిపించింది. రంగం డబ్బుతో కొన్న భూమి చెక్కకి "వ్రాసి యిచ్చిన శుద్ధ క్రయ దస్తావేజు", అందులో ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, కాపురం ఉన్న ఊరు. మా ఊరు జమీందారీ గ్రామం. అలాంటి ఊళ్లలో రైతుల పేర్లు ప్రభుత్వ లెక్కల్లో కావాలంటే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రిజిస్టరు చూడాలి. రైతులు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టిన రైత్వారీ ఊరైతే అంతకంటే పాత రీసర్వే రిజిస్టర్లు ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఆంధ్ర జిల్లాల కాగితాలకి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ తప్పదు. ఢిల్లీ ప్రయాణం పెట్టుకునే ముందు ఇవి చూసుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

తెలంగాణ కుటుంబాలవాళ్లు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టడం మంచిది. నిజాం ప్రభుత్వ కాగితాలు ఉండేది అక్కడే, ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూల్లో ఉంటాయి కాబట్టి చదివిపెట్టే మనిషిని ముందే మాట్లాడుకోండి. ఢిల్లీలో హైదరాబాద్ రెసిడెన్సీ (నిజాం దగ్గరున్న బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) ఫైళ్లున్నాయిగానీ, వాటిలో సాధారణ రైతు ఇంటి సంగతులు వెతకడం వృథా శ్రమ.