కాశీ యాత్రలో ఇరవై నిమిషాలకు కుదించేస్తున్న బీహెచ్‌యూ

తొమ్మిది రాత్రులు కాశీలో నిద్ర చేయాలనే నియమంతో వెళ్లే తెలుగు కుటుంబాలకు పగటిపూట తీరిక బాగానే ఉంటుంది. ఆ తీరికను సొమ్ము చేసుకోవడానికి లాడ్జీలవాళ్లు, ఆటోవాళ్లు కలిసి నడిపే ‘లోకల్ దర్శనం’ ప్యాకేజీలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి (బీహెచ్‌యూ) దక్కేది ఇరవై నిమిషాలు. అందరికీ తెరిచి ఉంచిన భారత్ కళా భవన్ అనే గొప్ప మ్యూజియం ఆ ప్రాంగణంలోనే ఉండగా, మనవాళ్లు అక్కడి కొత్త విశ్వనాథాలయం ముందు ఒక ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తున్నారు. మమ్మల్నీ అలాగే తిప్పి పంపించబోయారు కనుక, ముందు వాళ్ల సంగతి చెప్పి, తరువాత అక్కడ చూసినవాటి సంగతి చెబుతాను.

మేము దిగిన లాడ్జి అస్సీ ఘాట్‌కు నడక దూరంలో ఉంది. గదికి రోజుకు 2,400 రూపాయలు. డిసెంబరు చలిలో అమ్మ తెల్లవారుజామున స్నానం చేస్తుందని, గీజరు ఉన్న గదే కావాలని ఫోనులో రెండుసార్లు చెప్పి మరీ తీసుకున్నాము. గీజరు ఉన్నమాట నిజమే. దాని స్విచ్చు మాత్రం కింద మేనేజరు గదిలో ఉంది, ఆయన ఆరింటికి ముందు లేవడు. రూమ్ హీటరు అడిగితే రాత్రికి 300 అన్నారు, ఖాళీ చేసేటప్పుడు ‘సర్వీసు’ పేరుతో బిల్లులో మరో 500 చేర్చారు. అడిగితే, “అందరి దగ్గరా తీసుకుంటాం” అన్న జవాబు తప్ప రసీదులో వివరణ లేదు. 1,500 రూపాయలకు ఆటో ప్యాకేజీ కుదిర్చిపెట్టింది కూడా ఆ మేనేజరే.

దుర్గా మందిరం, తులసీ మానస మందిరం, సంకట మోచన్ వరకు ప్రయాణం సాఫీగానే సాగింది. లంక కూడలిలో విశ్వవిద్యాలయ స్థాపకుడు మదన్‌మోహన్ మాలవీయ విగ్రహం దాటి, సింహద్వారం గుండా లోపలికి వెళ్లాక, డ్రైవరు ఆలయం ఎదుట ఆపి, ఇరవై నిమిషాల్లో రావాలన్నాడు. భారత్ కళా భవన్ కూడా చూడాలని బావగారు చెబితే, వచ్చీరాని తెలుగులో, “అక్కడ ఏమీ లేదమ్మా, పాత రాళ్లు, అంతే. మంచి చీరల ఫ్యాక్టరీ చూపిస్తా, ఫ్రీ” అన్నాడు. ప్యాకేజీలో అసలు గమ్యం ఆ చీరల కొట్టేనని అప్పుడు అర్థమైంది. బావగారు విశాఖపట్నంలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, మామూలుగా ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఆ రోజు మాత్రం, అతను వెయిటింగుకు మరో 400 అడిగినప్పుడు, కుదుర్చుకున్న 1,500 చేతిలో పెట్టి, ఇక వెళ్లమని గట్టిగానే చెప్పారు. అక్క ముఖం ముడుచుకుంది. ఆమెకు మ్యూజియం మీద కంటే చీరల మీదే మనసు ఉన్నదని వేరే చెప్పనక్కర్లేదు.

లోపల ఈ-రిక్షాలు తిరుగుతుంటాయి. తలకు 20 రూపాయలు ఇస్తే కళా భవన్ దగ్గర దించారు. బ్యాగులు బయట అప్పగించి లోపలికి వెళ్లిన మేము మూడు గంటల తరువాత కాని బయటికి రాలేదు.

1920లో కళావస్తువుల సేకర్త రాయ్ కృష్ణదాస్ చొరవతో మొదలైన ఈ సేకరణకు తొలి అధ్యక్షుడు రవీంద్రనాథ్ ఠాగూర్. 1950లో ఇది విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది, 1962 నుంచి ఇప్పుడున్న భవనంలో ఉంది. ఆటోవాడు చెప్పిన ‘పాత రాళ్ల’లో గుప్తుల కాలపు గోవర్ధనధారి కృష్ణుడు ఒకటి. అది కాశీలోనే, బకరియా కుండ్ దగ్గర దొరికిన శిల్పం. ఎడమ చెయ్యి పైకెత్తి కొండను మోస్తున్నా ముఖంలో శ్రమ అన్నది కనిపించదు. అంతకంటే ఎక్కువసేపు మమ్మల్ని నిలబెట్టినది, అదే కాలానికి చెందిన కార్తికేయుడి విగ్రహం. స్వామి నెమలి మీద ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ నెమలి పింఛమే ఆయన వెనుక ప్రభామండలంగా విచ్చుకుని ఉంటుంది. ఈకల మీది కళ్లను శిల్పి ఒక్కొక్కటిగా చెక్కాడు. అప్పటిదాకా కాళ్లు నొప్పులంటున్న అమ్మ, సుబ్రహ్మణ్యస్వామి అని తెలియగానే చెప్పులు లేవు కదా అని ఒకసారి కిందికి చూసుకుని, చెప్పులు ఉన్నాయని గ్రహించి, వాటిని విడిచి పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంది. అక్కడి ఉద్యోగి నవ్వి ఊరుకున్నాడు.

మొఘల్, రాజస్థానీ, పహాడీ చిత్రాలు చూడాలంటే తొందర పనికిరాదు. అరచేతి వెడల్పు కాగితం మీద వర్షం, మేడ, ఎదురుచూసే నాయిక, ఆమె చెలికత్తె చేతిలోని విసనకర్ర అన్నీ ఉంటాయి. అస్సీ దగ్గర దశాబ్దాలపాటు నివసించిన స్విట్జర్లాండ్ కళాకారిణి ఆలిస్ బోనర్ పేరిట ఒక గది, హిమాలయాలను చిత్రించిన రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ చిత్రాలకు మరొక గది ఉన్నాయి. అక్క అలక తీరింది మాత్రం వస్త్రాల విభాగంలో. పాత బనారసు జరీ నేతలను అద్దానికి ముక్కు ఆనేటంత దగ్గరగా చూసి, కొంగులోని బుటాలను చేతిమీద వేలితో గీసి లెక్కపెట్టుకుంది. మరునాడు బజారులో బేరం చేసేటప్పుడు ఈ చూపు ఆమెకు బాగా పనికొచ్చిందని మాత్రం చెప్పగలను.

ఆదివారం, సెలవు రోజుల్లో మ్యూజియం మూసి ఉంటుంది, ఎండాకాలంలో వేళలు ఉదయానికి మారతాయి. కనుక పొద్దున మ్యూజియం, సాయంత్రం ఆలయం అన్న వరుసే మంచిది. విద్యార్థులు ‘వీటీ’ (విశ్వనాథ్ టెంపుల్) అని పిలిచే కొత్త విశ్వనాథాలయానికి 1931లో శంకుస్థాపన జరిగింది, నిర్మాణం ముగిసేసరికి 1966 వచ్చింది. సంకల్పించిన మదన్‌మోహన్ మాలవీయ 1946లోనే కన్నుమూశారు. బిర్లాల విరాళంతో లేచిన ఆ తెల్లని శిఖరం కంటే, పాలరాతి గోడల మీద చెక్కిన గీతా శ్లోకాలను వేలితో చూపిస్తూ చదువుకునే సందర్శకులే నాకు ఎక్కువ నచ్చారు. పాతబస్తీలోని విశ్వనాథుడి దర్శనంలో పడిన తోపులాట తరువాత, ఇక్కడ లింగం ఎదుట అమ్మ కూర్చోగలిగినంతసేపు కూర్చుంది. బయట దుకాణాల్లో చల్లని కాఫీ కోసం విద్యార్థులు గుంపులుగా చేరతారు. 50 రూపాయలకు వచ్చింది, చలిలో కూడా బాగుంది.

దాదాపు 1,300 ఎకరాల ఈ ప్రాంగణం అర్ధచంద్రాకారంలో ఉంటుంది. దాతలలో కాశీ రాజు ముఖ్యుడు. పెద్ద చెట్ల నీడలో వంపు తిరిగే దారుల మీద సాయంత్రం నడక కోసం ఊరివాళ్లు కూడా వస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నుంచి 1948 వరకు ఇక్కడ ఆ పదవిలో ఉన్నారని బావగారు దారి పొడవునా గుర్తుచేశారు. వాల్తేరు కొండ మీది దారులకూ వీటికీ పోలిక తేవాలని ఆయన చాలా ప్రయత్నించారు కాని, గంగామైదానపు చదును నేలలో కొండ ఎక్కడ దొరుకుతుంది?

డిసెంబరు 25న మాలవీయ జయంతి. ఆయన నివసించిన మాలవీయ భవన్‌లో ఆ సందర్భంగా పుష్ప ప్రదర్శన పెడతారు. మేము చామంతులు, గులాబీలు చూసుకుంటూ ఒక గంట గడిపాము. కూరగాయల బల్ల ముందు అమ్మ కాలీఫ్లవరు పరిమాణం చూసి, మన రైతుబజారు ధర చెప్పి, అక్కడి తోటమాలిని నవ్వించింది. శీతకాలంలో వెళ్లేవాళ్లు తిరుగుదారిలో మలయ్యో తినకుండా రావద్దు. కుంకుమపువ్వు కలిపిన పాలనురుగును మట్టి పిడతలో పెడతారు, నోట్లో వేసుకుంటే నమలడానికి ఏమీ మిగలదు. తిన్నాక అదే పిడతలో కొద్దిగా పాలు పోసి ఇస్తారు, అడగకపోతే కొందరు మరిచిపోతారు, కాబట్టి అడగండి. మా నలుగురికీ 160 అయింది.

రెండో రోజు మేము మాట్లాడుకున్న ఈ-రిక్షా, అస్సీ నుంచి సింహద్వారానికి 60, లోపల రాకపోకలకు మనిషికి 40 చొప్పున మొత్తం 220 తీసుకుంది. లాడ్జి కౌంటరులో ప్యాకేజీ కాగితం చేతికిస్తే మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి. గది తీసుకునేముందు గీజరు స్విచ్చు ఎక్కడుందో కూడా చూసుకోండి.