ఒక్కొక్కటిగా ఆరు: కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ నమూనా ఎయిర్ రివాల్వర్‌తో మూడేళ్లు

ఈ రివాల్వర్‌లో ఆరు పెల్లెట్లు, అంటే చిన్న సీసపు గుళ్లు, నింపడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది, వాటిని కాల్చడానికి ఒక నిమిషం సరిపోతుంది. కొన్న మొదటి వారం ఈ లెక్క చూసి విసుగు పుట్టి, వాపసు ఇచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. అంతకు ముందు నేను వాడినది సెమీ ఆటోమేటిక్ సీవోటూ పిస్టల్, అంటే కార్బన్ డయాక్సైడ్ వాయువు ఒత్తిడితో కాల్చేది. దాని మ్యాగజైన్‌లో బీబీలు, అంటే గుండ్రటి ఉక్కు గుళ్లు, పోసి, ట్రిగ్గర్ నొక్కుతూ పోతే చాలు. మూడేళ్లు గడిచాక చూసుకుంటే ఆ పిస్టల్ అలమరలో దుమ్ము పట్టి ఉంది, వారానికి రెండు సాయంత్రాలు నా చేతిలో ఉంటున్నది ఈ మందకొడి రివాల్వరే. దీనికి కారణం ఆ మందకొడితనమే అని నా అభిప్రాయం.

ముందుగా ఇది దేనికి నకలో చెప్పాలి. అమెరికా సైన్యం 1873లో స్వీకరించిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌ను అమెరికన్లు ముద్దుగా పీస్‌మేకర్ అంటారు. తుపాకీకి శాంతిదూత అని పేరు పెట్టిన వారి హాస్యానికి నమస్కారం పెట్టాలి. కౌబాయ్ సినిమాల్లో నడుముకు వేలాడేది చాలా వరకు ఇదే. సింగిల్ యాక్షన్ అంటే, ప్రతిసారీ బొటనవేలితో వెనుక ఉన్న సుత్తిని, అంటే హ్యామర్‌ను, వెనక్కి లాగితే గానీ తూటాలుండే సిలిండర్ ఒక గది తిరగదు, ట్రిగ్గర్ పనిచేయదు. నా దగ్గర ఉన్నది అయిదున్నర అంగుళాల బ్యారెల్‌తో, నికెల్ పూతతో ఉన్న 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ రకం. చాలా భాగం లోహమే కావడం వల్ల బరువు దాదాపు ఒక కిలో తూగుతుంది. నేను 150 డాలర్ల పైచిలుకు ఇచ్చి కొన్నాను.

నకలులోని నేర్పు ఎక్కువగా తూటాల్లో కనిపిస్తుంది. ఇందులో ఆరు ఇత్తడి రంగు డొల్ల తూటాలు వస్తాయి. అసలు తూటాలో మందును అంటించే ప్రైమర్ ఉండే చోట, అంటే అడుగు భాగాన, ఒక్కో పెల్లెట్‌ను వేలితో నొక్కి కూర్చోబెట్టాలి. తర్వాత హ్యామర్‌ను సగం లాగి, కుడి వైపున ఉన్న చిన్న తలుపు తెరిచి, సిలిండర్‌ను గది గదికీ తిప్పుతూ ఒక్కొక్క తూటాను లోపలికి జార్చాలి. తీసేటప్పుడు బ్యారెల్ కింది కడ్డీతో ఒక్కొక్కదాన్నే బయటకు తోయాలి. పెల్లెట్ అడుగు మట్టానికి సమంగా కూర్చోకపోతే, పైకి తేలిన ఆ కొద్దిపాటి సీసమే సిలిండర్‌ను పట్టేస్తుంది. మొదటి నెలలో నాకు ఇది పదిసార్లయినా జరిగింది. గోటితో కాకుండా గుండ్రటి మొన ఉన్న పెన్ను మూతతో నొక్కడం మొదలుపెట్టాక మళ్లీ జరగలేదు. అదనంగా మరో పన్నెండు తూటాలు కొనుక్కోవడం మంచిదని చాలామంది చెబుతారు. నేను కొన్నాను, ఒకసారి వాడి పక్కన పెట్టేశాను. ఆరు కాల్చి, దించి, మళ్లీ నింపుకునే ఆ రెండు నిమిషాల్లోనే కాగితం మీది రంధ్రాలు చూసి ఎక్కడ తప్పానో ఆలోచించుకునే అలవాటు నాకు పట్టుబడింది. పద్దెనిమిది తూటాలు సిద్ధంగా ఉంటే ఆ ఆలోచన జరగదు.

శక్తి విషయానికి వస్తే, పెల్లెట్ సెకనుకు సుమారు 380 అడుగుల వేగంతో వెళుతుందని పెట్టె మీద రాశారు. అర గ్రాము పెల్లెట్‌కు ఆ వేగం ఉంటే శక్తి మూడు జౌళ్ల పైన కొద్దిగా వస్తుంది. కాగితాలకు, ఖాళీ డబ్బాలకు ఇది చాలు. వేటకు, పిట్టలకు, ఉడతలకు దీన్ని ఎవరూ ఎత్తకూడదు. ఆ శక్తికి జంతువు వెంటనే చావకుండా గాయంతో బాధపడే ప్రమాదం ఉంది.

పిడికి ఎడమ పక్కన ఉన్న పలకను ఊడదీస్తే లోపల 12 గ్రాముల సీవోటూ గుళిక పట్టే చోటు ఉంటుంది, గుళికను బిగించే ఆరు పలకల అలెన్ కీ ఆ పలకకే అతికి ఉంటుంది. ఒక గుళికతో నాకు అరవై దెబ్బల వరకు వస్తున్నాయి. సీవోటూ స్వభావం తెలిసినవారికి అసలు ఇబ్బంది కూడా తెలుసు: ద్రవం ఆవిరిగా మారేటప్పుడు గుళిక చల్లబడుతుంది, చల్లబడిన కొద్దీ లోపలి పీడనం పడిపోతుంది, పెల్లెట్ గురి కంటే కిందికి దిగుతుంది. నా పాత పిస్టల్‌తో వరుసగా ఇరవై కాల్చేసరికి చివరివి స్పష్టంగా కిందికి వాలేవి. ఈ రివాల్వర్‌లో మళ్లీ నింపుకునే ఆ రెండు నిమిషాలూ గుళికకు తేరుకునే వ్యవధి అవుతున్నాయి, అందువల్ల మొదటి ఆరుకీ అయిదో ఆరుకీ కాగితం మీద నాకు తేడా కనిపించదు. తొమ్మిదో విడత దాటాక మాత్రం పడే చప్పుడే మారుతుంది, అక్కడితో ఆపేస్తాను.

చలి కంటే ఎండ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మేముండేది టెక్సాస్‌లో, జూలై, ఆగస్టు నెలల్లో మా గ్యారేజీ మధ్యాహ్నానికి 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిలో కోస్తా వాళ్లకు రోహిణి కార్తె గుర్తుకు వస్తుంది. సీవోటూ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా నిలవదు, పీడనం బాగా పెరుగుతుంది, అప్పుడు హ్యామర్ దెబ్బకు వాల్వు సరిగా తెరుచుకోదు. ఒక రోజు తుపాకీ పాడైందనే అనుకున్నాను; హ్యామర్ టక్కుమంటున్నది గానీ పెల్లెట్ నీరసంగా వెళ్లి చెక్కకు తగిలి కింద పడింది. ఇంట్లో గంటసేపు పెట్టి తెస్తే మామూలుగా పనిచేసింది. అప్పటి నుంచి తుపాకీ, గుళికలు రెండూ ఇంట్లోనే ఉంటున్నాయి, వేసవిలో సాధన రాత్రి ఎనిమిది తర్వాతే.

ఇక గురి. ఇదే నమూనాలో ఉక్కు బీబీలు కాల్చే రకం కూడా దొరుకుతుంది, ఒక మిత్రుడి దగ్గర ఉంది. దాని బ్యారెల్ లోపల నున్నగా ఉంటుంది. పెల్లెట్ రకంలో మెలి తిరిగిన గాడులు ఉండి పెల్లెట్‌ను తిప్పుతూ పంపుతాయి. రెండింటినీ ఒకే సాయంత్రం 18 అడుగుల దూరంలో కాల్చి చూశాం: నా ఆరు పెల్లెట్లు మూడు సెంటీమీటర్ల లోపల పడ్డాయి, అవే చేతులతో కాల్చిన ఆరు బీబీలు అరచేయంత మేర చెదిరాయి. పైగా ఉక్కు బీబీ గట్టిదాన్ని తాకితే ఎగిరి మన మీదికే వస్తుంది, సీసపు పెల్లెట్ చాలా వరకు అక్కడే అణిగిపోతుంది. కాగితానికి గురి పెట్టేవారు పెల్లెట్ రకాన్నే తీసుకోవాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. చదునుమూతి పెల్లెట్లు కాగితాన్ని పంచ్ చేసినట్టు గుండ్రంగా కోస్తాయి కాబట్టి రంధ్రాలు లెక్కపెట్టుకోవడం సులువు.

నేను వాడే కాగితం 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలదే. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ రజతం గెలిచిన విభాగం అది. ఆ కాగితం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. నా గ్యారేజీలో 10 మీటర్లు లేవు గనుక కాగితాన్ని 55 శాతానికి కుదించి ముద్రించుకుంటాను. బాగా కుదిరిన రోజున ఆరు దెబ్బలకు, అరవైకి యాభై వస్తాయి. పోటీ పిస్టళ్లకు ఉండే, గురి చూడటానికి సవరించుకునే సైట్లు దీనికి లేవు. ఫ్రేము పైన ఒక గాడి, బ్యారెల్ చివర ఒక రెక్క, అంతే. నా రివాల్వర్ మొదట నాలుగు సెంటీమీటర్లు కిందికి, రెండు సెంటీమీటర్లు ఎడమకు కాల్చేది. దెబ్బ కిందికి పడుతుంటే ముందు రెక్కను అరగదీయాలి, అప్పుడు బ్యారెల్ మూతి కొద్దిగా పైకి లేస్తుంది. సన్న ఆకురాయితో నాలుగు గీతలు, ఆరు పెల్లెట్లు, మళ్లీ నాలుగు గీతలు; ఇలా మూడు సాయంత్రాలు పట్టింది, మొత్తం అరిగింది ఒక మిల్లీమీటరు. తొందరపడి ఎక్కువ అరగదీస్తే తిరిగి అతికించలేం. ఎడమ వైపు తప్పును మాత్రం అలాగే వదిలి, గురినే కాస్త కుడికి జరుపుకుంటున్నాను.

ట్రిగ్గర్ గురించి ఫిర్యాదు లేదు. హ్యామర్ లాగాక తేలికగా, గీత గీసినట్టు తెగుతుంది. నికెల్ పూత సిలిండర్ అంచుల దగ్గర రెండో ఏడాదికే పోయి, కింది బూడిద రంగు బయటపడింది. రెండో ఏడాదిలోనే వాయువును ఆపే సీలు కూడా కారింది, కానీ ఆ తప్పు నాది: ప్రతి అయిదారు గుళికలకు ఒకసారి గుళిక మొన మీద ఎయిర్‌గన్ నూనె ఒక చుక్క వేయాలి. నేను నెలల తరబడి వేయలేదు, పైగా గుచ్చిన గుళికను రాత్రంతా లోపలే వదిలేసేవాణ్ని. మరమ్మతుకు పంపితే అయిదు వారాలకు తిరిగి వచ్చింది.

భద్రత గురించి రెండు మాటలు ఎక్కువే చెబుతాను. బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు ఉండాలన్న అమెరికా నిబంధన పెల్లెట్, బీబీ తుపాకులకు వర్తించదు, అందువల్ల ఇది నాలుగడుగుల దూరం నుంచి చూసినా అసలుదే అనిపిస్తుంది. 2014లో క్లీవ్‌లాండ్‌లో నకిలీ తుపాకీ పట్టుకుని ఆడుకుంటున్న పన్నెండేళ్ల పిల్లవాణ్ని పోలీసులు కాల్చి చంపారు. ఒక సాయంత్రం నేను గ్యారేజీ తలుపు సగం తెరిచి ఉంచాను. పార్సిల్ తెచ్చిన కుర్రాడు నా చేతిలోని దాన్ని చూసి, పార్సిల్ గడ్డి మీద వదిలి వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తలుపు పూర్తిగా మూసి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎలక్ట్రీషియన్లు పైపుల సందులు మూసే డక్ట్ సీల్ ముద్దను చెక్కపెట్టె నిండా మెత్తి దానికే కాల్చడం నా పద్ధతి. పెల్లెట్లు ఆ ముద్దలోనే కూరుకుపోతాయి. సీసం ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏదీ తినకూడదు.

నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు, తిరునాళ్లలో బెలూన్లు కాల్చిన రోజులు తలుచుకుంటూ నాకంటే ఓపికగా ఆరూ నింపారు, నాలుగు నల్లటి భాగంలో పడ్డాయి. "ఏరా, దీన్ని మన ఊరికి తీసుకుపోదామా?" అని అడిగారు. 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్లు మించని ఎయిర్‌గన్‌లకు భారతదేశంలో లైసెన్సు అక్కర్లేదు గానీ, చూడగానే అసలు రివాల్వర్‌లా ఉండే వస్తువును విమానం సామానులో పెట్టి కస్టమ్స్ వారికి వివరణ ఇచ్చే సాహసం నాకు లేదని చెప్పాను.

మళ్లీ కొనవలసి వస్తే ఏడున్నర అంగుళాల బ్యారెల్ ఉన్నదాన్ని తీసుకుంటాను. గాడికీ రెక్కకూ మధ్య దూరం పెరిగితే చెయ్యి ఏమాత్రం వంకర పోయినా ఇంకా తొందరగా కంటికి తెలుస్తుంది. నికెల్ పూత వద్దు, నలుపే మేలు. గ్యారేజీ దీపం కింద ఆ తెల్లటి రెక్క మెరిసి గురి చెడుతున్నదని తెలిశాక, నాదానికి ప్రతి నెలా నల్ల మార్కర్ పూసుకుంటున్నాను.