చోప్తా దారిలో ఏప్రిల్ మంచు: సారీ ఊళ్లో ఆగడమే మేలైంది

ఋషికేశ్‌లో బండి ఎక్కినప్పుడు ఎండ మండిపోతోంది. దేవప్రయాగ, రుద్రప్రయాగ దాటి ఊఖీమఠ్ చేరేసరికి వాన పట్టుకుంది. తెల్లారి కిటికీ తెరిస్తే ఎదుటి కొండలు సగం దాకా తెల్లబడి ఉన్నాయి. ఏప్రిల్ రెండో వారం అది. ఉత్తరాఖండ్‌లోని ఈ గఢ్వాల్ ప్రాంతం వాళ్లకు ఇది వింత కాదు. పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు ఈ నెలలోనూ పై ఎత్తుల్లో మంచు కురిపిస్తాయి. నోళ్లు తెరుచుకుని చూసింది మేమే.

చోప్తాలో ఒక గుడారాల శిబిరానికి ముందే బయానా కట్టి ఉన్నాం. ఫోను చేస్తే ‘దారి బాగానే ఉంది, వచ్చేయండి’ అన్నారు. మా డ్రైవరు మాత్రం కదలలేదు. ‘‘భైజీ, ఎండ తగలని మలుపుల్లో రాత్రి నీళ్లు గడ్డకట్టి ఉంటాయి. పదకొండు దాకా ఆగుదాం’’ అన్నాడు. బయానా పోతుందని మా బావమరిది గొణిగాడు. పదకొండుకు బయలుదేరితే, కొంత దూరంలో రెండు కార్లు రోడ్డుకు అడ్డంగా జారి నిలిచిపోయాయి. బండి వెనక్కి తిప్పి సారీకి వెళ్లాం. (ఆ పేరు మీద మా బావమరిది వేసిన హాస్యాలు ఇక్కడ రాయను.)

సారీలో దిగింది ఒక ఇంటి మేడ మీది గదిలో. కరెంటు వచ్చి పోతూ ఉంది. మరుగుదొడ్డి బయట, మెట్లు దిగి వెళ్లాలి. రాత్రి రెండింటికి అది చిన్న పరీక్ష కాదు. అయితే రజాయిలు పొడిగా, బరువుగా ఉన్నాయి. కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. మండువా రొట్టెలు నెయ్యి రాసి పెట్టారు. మండువా అంటే మన రాగులే. గదిలోకి బొగ్గుల కుంపటి అడిగితే ఇంటావిడ ససేమిరా అంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు పొద్దున లేవరని చెప్పింది. ఆ ఒక్క మాటకే ఆ ఇంటికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

మర్నాడు దేవరియా తాల్ అనే కొండ సరస్సుకు ఊరి కుర్రవాడిని తోడు తీసుకున్నాం. నడక మూడు కిలోమీటర్లలోపే, కానీ అంతా ఎక్కుడే. తెల్లవారుజామున మంచు పైపొర గాజులా జారుతుందని ఎనిమిది దాటాక కదిలించాడు. ఇక్కడి సింధూరపు (ఓక్) చెట్లకు చలికాలంలోనూ ఆకులుంటాయి కనుక, తడి మంచు బరువుకు కొమ్మలు విరుగుతాయి. అందుకే వాటి కింద ఒక్క నిమిషం కూడా నిలబడనివ్వలేదు, ఫొటోకైనా సరే. పొదల మీద మంచు చదునుగా కనిపించినా లోపల డొల్ల. కర్రతో పొడవకుండా కాలేసిన మా బావమరిది మోకాలి దాకా దిగిపోయాడు. వేసుకున్నది జీన్స్. తడిసిన నూలు గుడ్డ ఆ చలిలో ఆరదు. పళ్లు టకటకలాడుతుంటే, ప్లాస్టిక్ సంచిలో దాచిన నా ఉన్ని మేజోళ్లు ఇచ్చాను. నల్లకళ్లద్దాలు కూడా ఇచ్చేవాణ్ణే కానీ ఒక్క జతే ఉంది. ఎండ పడిన మంచు వైపు ఉత్త కళ్లతో చూడలేం.

బురాంశ్ (రోడోడెండ్రాన్) పూలు ఎర్రగా విరగబూసి, సగం మంచు మీద రాలి ఉన్నాయి. పేరంటం ముగిసిన ముంగిలిలా ఉంది అడవి. తాల్ దగ్గర యక్షుడు ధర్మరాజును ప్రశ్నలడిగాడని స్థానికుల నమ్మకం. చౌఖంబా శిఖరం నీళ్లలో అరగంట కనిపించి మబ్బుల్లోకి పోయింది. ‘మబ్బు దిగుతోంది, నడవండి’ అన్నాడు కుర్రవాడు. మేము ప్రశ్నలేమీ అడగలేదు.

మూడో రోజుకు రోడ్డు తెరుచుకుంది. చోప్తాలో బూట్లకు తగిలించే ఇనుప పళ్లు అద్దెకిస్తారు. పట్టీలు లాగి చూసి తీసుకోండి, నాకిచ్చిన మొదటి జత అక్కడే తెగింది. తుంగనాథ్ శివాలయం దాకా రాళ్లు పరిచిన బాట కాబట్టి నెమ్మదిగా వెళ్లగలిగాం. గుడి ఇంకా తెరవలేదు, స్వామి చలికాలపు నెలవు మక్కూమఠ్‌లోనే ఉన్నాడు. పైన చంద్రశిల శిఖరం వాలు మీద పాత గడ్డ మంచుపై కొత్త మంచు కూర్చుని ఉందని, అది జారొచ్చని, అక్కడికి మాత్రం కుర్రవాడు ససేమిరా రానన్నాడు. మేమూ పట్టుబట్టలేదు.

దిగుతూ మా గుడారాల శిబిరం చూశాం. తడి మంచు బరువుకు రెండు గుడారాలు నడుము వంచాయి, పరుపులు చెమ్మగిల్లాయి. మంచు కురిసిన వారంలో గుడారం వద్దు, ఊళ్లో ఇల్లు చూసుకోండి. బయానా కోసం ఇప్పటికీ ఫోను చేస్తున్నాం. ఎత్తడం లేదు.