పాత బొలెరో పికప్‌కి వైటాన్ వెనక క్రాంక్ సీల్: డబ్బుకు తగ్గ సరుకే

వెనక క్రాంక్ సీల్ అంటే ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనక చివర ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు. అక్కడ, అంటే ఫ్లైవీల్ వైపు, ఆయిల్ కారే పాత పికప్‌కి మామూలు నైట్రైల్ సీల్ కన్నా వైటాన్ (వేడిని బాగా తట్టుకునే రబ్బరు) సీలే మేలు. నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువకాలం ఉంటే గట్టిపడి లిప్ (షాఫ్ట్‌ను ఆనుకునే సీల్ లోపలి అంచు) పగులుతుంది. వైటాన్ 200 దాకా తట్టుకుంటుంది. ధర ఎక్కువే. కానీ ఈ పనిలో ఖర్చంతా గేర్‌బాక్స్ దించే కూలీలోనే ఉంది, సీల్ దగ్గర పిసినారితనం వద్దు.

అయితే ఎంత మంచి సీలైనా ఇంజిన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపు మూసుకుపోతే నిలవదు. క్రాంక్‌కేసులో (క్రాంక్ తిరిగే గదిలో) గాలి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను లిప్ దాటించి తోసేస్తుంది. ముందు ఆ పైపును శుభ్రం చేయండి. ఇంజిన్ పైనున్న టాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారిన ఆయిల్ కూడా వెనక్కి జారి సీల్ లీకులాగే కనిపిస్తుంది, పైనుంచి తుడిచి చూడండి.

బిగించేటప్పుడు స్ప్రింగ్ ఉన్న వైపు ఇంజిన్ లోపలికి రావాలి. లిప్‌కి కొత్త ఆయిల్ రాయండి. సుత్తితో ఒక పక్కే కొట్టకుండా, సీల్ అంచంతా ఆనే గుండ్రటి పైపు ముక్కతో సమంగా దించండి. క్రాంక్ మీద గోరు తగిలేంత గాడి ఉంటే అక్కడే వైటాన్ కూడా ఓడిపోతుంది. హౌసింగ్‌లో చోటుంటే సీల్‌ను 1 మి.మీ. అటూ ఇటూ జరిపి కూర్చోబెట్టాలి, లేకపోతే క్రాంక్ మీద పలుచటి స్టీలు స్లీవ్ (తొడుగు) ఎక్కించాలి. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లిప్ సీల్‌ను మాత్రం పొడిగానే ఎక్కించాలి, ఆయిల్ రాయకూడదు.

క్లచ్ ప్లేట్ ఆయిల్‌లో నానిపోయి ఉంటే కడిగి వాడకండి, మార్చేయండి.