సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ అసలు ఉందో లేదో ముందు చూపించుకోండి

గంజాం, గజపతి, రాయగడ వైపు ఉంటూ శ్రీకాకుళం, విశాఖ నుంచి పాత కార్లు తెచ్చుకునే మనవాళ్ల కోసం రాస్తున్నాను.

మాది బరంపురం. పర్లాకిమిడిలో ఉండే మా బావ శ్రీకాకుళం వైపు ఒక యార్డులో (పాత కార్లు అమ్మే చోట) 2012 మోడల్ కారు కొన్నాడు. "రెండు ఎయిర్‌బ్యాగులు, ఒక్క యాక్సిడెంట్ కూడా లేదు" అని అమ్మినవాడు వాట్సాప్‌లోనే రాసి పంపాడు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ ఒడిశా నంబరు, ఓడీ 20, కూడా వేయించుకున్నారు. పోయిన చలికాలం ఇచ్ఛాపురం దాటాక హైవే మీద ముందున్న లారీ సడన్‌గా బ్రేక్ వేసింది. బావ బెల్టు పెట్టుకునే ఉన్నాడు. కారు ముందు భాగం మొత్తం నలిగిపోయింది కానీ ఎయిర్‌బ్యాగ్ మాత్రం తెరుచుకోలేదు. రెండు పక్కటెముకలు విరిగాయి, దవడకు కుట్లు పడ్డాయి.

సర్వీస్ సెంటర్లో స్టీరింగ్ కవర్ విప్పి చూస్తే లోపల బ్యాగే లేదు. దాని కనెక్టర్‌కి చిన్న రెసిస్టర్ ఒకటి తగిలించి ఉంది. అంటే బండికి ముందే ఒక గుద్దు తగిలి బ్యాగ్ పేలింది. కొత్తది వేస్తే ఖర్చని కవర్ మూసేసి, బ్యాగ్ ఉన్నట్టు కారు కంప్యూటర్‌ని నమ్మించారు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎస్ఆర్ఎస్ లైటు (ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు) వెలిగి ఆరిపోతుంది కదా, ఆ లైటు ఇందులో చక్కగా పనిచేసింది. కాబట్టి లైటు చూసి ధైర్యం తెచ్చుకోకండి. అలాగని మీరే స్టీరింగ్ విప్పకండి, లోపల ఉండేది పేలే సామాను. కంపెనీ సర్వీస్ సెంటర్లో విప్పించి చూపించుకోండి, వాళ్లు చూసింది కాగితం మీద రాయించుకోండి.

అదే రోజు ఇంకో సంగతి బయటపడింది. ఎడమ వైపు బ్యాగ్ ఉంది, కానీ దాని మీద రీకాల్ (లోపమున్న భాగాన్ని మార్చడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) పెండింగ్‌లో ఉంది! అందులోని ఇన్‌ఫ్లేటర్ (బ్యాగును గ్యాస్‌తో ఉబ్బించే భాగం) టకాటా అనే జపాన్ కంపెనీది. అందులో అమోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడికి, తేమకి అది పాడై, గుద్దుకున్నప్పుడు మరీ వేగంగా మండుతుంది. అప్పుడు దాని లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషి మీదికి వస్తాయి. అమెరికాలోనే 20 మందికి పైగా చనిపోయారు. ప్రపంచమంతా కలిపి సుమారు 10 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిచారు, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. గోపాలపూర్ ఉక్కపోత తెలిసిన వాళ్లకి ఇక్కడ ఆ బండ్లు తిరగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

రీకాల్ ఉత్తరం కంపెనీ రికార్డుల్లో ఉన్న పాత ఓనరు అడ్రసుకే పోతుంది. మనకి నంబర్ ప్లేటు మారిపోయి ఉంటుంది, ఛాసిస్ నంబరు మాత్రం మారదు. ఆ 17 అక్షరాల నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూడండి. రీకాల్ ఉంటే ఆ భాగం ఉచితంగా మారుస్తారు.

ఇక కేసు సంగతి. యార్డు వాళ్ల మాట ఒక్కటే: "ఉన్నది ఉన్నట్టే అమ్మాం, సంతకం పెట్టారు." కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 86వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడే వస్తువును మార్చి, ఆ మార్పు వల్లే ప్రధానంగా హాని జరిగితే బాధ్యత అతనిదే. కంపెనీ ఇచ్చినది కాకుండా తను సొంతంగా హామీ ఇచ్చి, అది తప్పినా అంతే. ఆ వాట్సాప్ మెసేజ్ ఇప్పుడు మాకు బంగారం. అయితే ఒక మెలిక ఉంది. హాని జరిగే నాటికి వస్తువును మార్చేసి ఉంటే అమ్మినవాడి మీద కేసు కుదరదని 87వ సెక్షన్ అంటుంది. "మీరే తర్వాత మార్చారు" అని అవతలి లాయరు వాదించేది దీన్ని పట్టుకునే. అందుకే కొన్న వారంలోనే చెకింగ్ చేయించి రిపోర్టు దాచుకోండి. యాక్సిడెంట్ అయితే బండిని ఊళ్లో మెకానిక్‌కి అప్పగించకండి, ముందు ఫొటోలు, ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్టు.

కేసుకి శ్రీకాకుళం తిరగక్కర్లేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. కారుకు కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. యార్డులాంటి వ్యాపారి దగ్గర కొంటేనే ఈ దారి. తెలిసినవాడి సొంత కారు కొంటే ఈ సెక్షన్లు పనికిరావు.

బ్యాగ్ ఉండి కూడా తెరుచుకోకపోతే, "ఆ గుద్దుకి ఆ స్పీడు చాలదు" అంటాయి కంపెనీలు. నిజమే, ప్రతి గుద్దుకీ అది తెరుచుకోదు. కానీ 2022లో హ్యుందాయ్ క్రెటా కేసులో సుప్రీంకోర్టు, గుద్దు వేగాన్నీ బలాన్నీ లెక్కకట్టడానికి కొనుక్కున్నవాడు ఫిజిక్స్ నిపుణుడు కానక్కర్లేదని చెప్పి వినియోగదారుడి వైపే నిలిచింది.

మాది గజపతి కమిషన్‌లో నడుస్తోంది. కారు వెనక్కి తీసుకుని సగం డబ్బు ఇస్తామని యార్డు వాళ్లు కబురు పెట్టారు. బావ ఒప్పుకోలేదు, ఆసుపత్రి ఖర్చు కూడా కావాలన్నాడు. అటు వైపు యార్డుల్లో కొని ఇలాగే రెసిస్టర్ బయటపడిన వాళ్లు ఎవరైనా ఉంటే, ఆ పార్టు పారేయకండి. కవర్లో పెట్టి దాచి నాకు చెప్పండి, మా లాయరుతో మాట్లాడిస్తాను.