హన్మకొండలో మా వాడ అంగన్‌వాడీ: వేవిళ్ల నెలల్లో ఆరోగ్యలక్ష్మి భోజనం

తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో గర్భిణులకు పెట్టే ఒక పూట భోజనం ఎంతో విలువైనదే గానీ, రెండో నెలలో ఉన్న మా చెల్లెలికి పోపు వాసన సోకితేనే కడుపులో తిప్పేది. అది గమనించిన టీచరమ్మ ఆమెను పొయ్యికి దూరంగా, గాలి వచ్చే కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆరిన అన్నంలో పలుచని పప్పుచారు కొద్దిగా కలిపి ఇచ్చి, గుడ్డు కాసేపాగి తినమనేవారు. ‘పరగడుపున ఉండకు బిడ్డా, లేవంగనే పిడికెడు పేలాలు నోట్లో వేసుకో’ అన్న ఆమె సలహా నిజంగానే పనిచేసింది.

మొదటి మూడు నెలలు రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర తప్పనిసరి అనీ, ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి మొదలవుతాయనీ ఏఎన్ఎం (మా వాడకు వచ్చే ఆరోగ్య కేంద్రం నర్సమ్మ) ఓపికగా వివరించారు. మంచినీళ్లు సైతం కడుపులో నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని గట్టిగా హెచ్చరించడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఒక్కటే లోటు: భోజనం మధ్యాహ్నమే పెడతారు, మా చెల్లెలికి తిండి సయించేది సాయంత్రం. వేవిళ్లు తగ్గే వరకైనా పాలు, గుడ్డు ఇంటికి తీసుకెళ్లనిస్తే బాగుంటుంది.