సైనస్ రిన్స్ స్క్వీజ్ బాటిల్: కొనొచ్చు, కుళాయి నీళ్లు మాత్రం పోయకండి

ముక్కు కడుక్కునే సాధనాల్లో 240 మి.లీ. స్క్వీజ్ బాటిల్‌కే మా ఓటు. మూత, గొట్టం, సీసా విడివిడిగా ఊడొస్తాయి, బోర్లిస్తే బాగా ఆరిపోతాయి. జలనేతికి వాడే కొమ్ము చెంబు (నేతి పాత్ర) సన్నటి కొమ్ములోకి బ్రష్ దూరదు. బ్యాటరీ పంపు ట్యూబుల్లోనైతే వాడాక కూడా తడి మిగిలిపోతుంది. సీసాను మెల్లగా నొక్కాలి, గట్టిగా నొక్కితే చెవులు దిబ్బడ వేస్తాయి.

దీంతో వచ్చే పొట్లాల్లో ఉండేది ఉప్పు, వంటసోడా. అవి మంట పుట్టకుండా చూస్తాయి, అంతే. నీళ్లలోని నేగ్లేరియా ఫౌలెరి అనే అమీబాను చంపవు. ఆ అమీబా ఉన్న నీళ్లు తాగినా జబ్బు రాదు. ముక్కు పైభాగానికి చేరితే మాత్రం అమీబా వాసన నరం వెంబడి మెదడుకు పాకుతుంది. చాలా అరుదు, కానీ సోకినవాళ్లలో బతికి బయటపడ్డవాళ్లు బహు కొద్దిమంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్లతో నేతి పాత్ర వాడిన ఇద్దరు ఇలాగే చనిపోయారు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అకాంతమీబా అనే మరో అమీబాతోనూ ముప్పుంది, వాళ్లు డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి.

డిస్టిల్డ్ వాటర్ గానీ స్టెరైల్ వాటర్ గానీ వాడండి. లేదంటే నీళ్లు సలసలా మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం మరగనివ్వాలి, 6,500 అడుగులు దాటిన ఎత్తులో 3 నిమిషాలు. మూతపెట్టి వాటంతటవే గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే: త్వరగా చల్లారాలని చన్నీళ్లు కలిపేస్తారు, దాంతో మరగబెట్టిన శ్రమంతా వృథా. గీజర్ నీళ్లు వేడిగా ఉన్నా మరిగినవి కావు. ఫిల్టర్ నీళ్లయితే, ఆ ఫిల్టర్ మీద రంధ్రాల సైజు ‘అబ్సొల్యూట్ 1 మైక్రాన్’ లేదా అంతకన్నా తక్కువ అని రాసి ఉండాలి.

వాడాక సీసాను కూడా ఈ నీళ్లతోనే కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఇంకొకరితో పంచుకోవద్దు.

కడుక్కున్న 12 రోజుల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ముక్కు కడుక్కున్న సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. మొదట్లో ఈ అమీబా జబ్బు బ్యాక్టీరియా మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లాగే కనిపిస్తుంది. ఆ విషయం తెలిస్తేనే వెన్ను నీటిలో అమీబా కోసం వెతికిస్తారు.